ఏకల స్టేషన్ లెక్క చెప్పండి: శ్రీలంక బ్రాడ్‌కాస్టింగ్ కార్పొరేషన్‌కు బహిరంగ లేఖ

శ్రీలంక బ్రాడ్‌కాస్టింగ్ కార్పొరేషన్ ఛైర్మన్ గారికి, డైరెక్టర్లకు, ముఖ్యంగా ఇంజనీరింగ్ విభాగం వారికి,

నమస్కారం.

ఈ ఉత్తరం తెలుగులో ఎందుకు రాస్తున్నానో ముందే చెప్తాను. ఒకప్పుడు మీ కొలంబో స్టూడియోలో తెలుగులో మాట్లాడే అనౌన్సరు ఉండేవారు. మీ ట్రాన్స్‌మిటర్ మీద మధ్యాహ్నం పూట తెలుగు సినిమా పాటలు వచ్చేవి. మా వాళ్లు పోస్టు కార్డులు రాసి మరీ పాటలు అడిగేవారు. అప్పుడు ఆ కార్డులు చదవడానికి మీకు మనిషి దొరికారు, ఇప్పుడూ దొరకకపోరు.

అసలు విషయం ఏకల. కొలంబోకి ఉత్తరంగా ఇరవై కిలోమీటర్ల దూరంలో, జా-ఎల పక్కన ఉన్న మీ షార్ట్‌వేవ్ స్టేషన్. రేడియో సిలోన్ (అప్పట్లో మీ పేరు అదే) మీద మా దగ్గర వచ్చినన్ని జ్ఞాపకాలు బహుశా మరే విదేశీ రేడియో మీదా రాలేదు. కానీ అవన్నీ గొంతుల గురించి. హిందీలో అమీన్ సయానీ, గోపాల్ శర్మ, మనోహర్ మహాజన్, మాకైతే తెలుగులో మీనాక్షి పొన్నుదురై గారు. ఆ గొంతుల్ని సముద్రం దాటించి కాకినాడలోనో కర్నూలులోనో ఒక వాల్వు రేడియోలోకి తెచ్చిపడేసిన స్టేషన్ ఎలా ఉండేది, ఏ టవర్ ఎటు చూసేది, ఏ ట్రాన్స్‌మిటర్ ఎవరి చేతిలో ఉండేది, ఇవన్నీ ఒకచోట చదువుకుందామంటే దొరకవు. అవి మీ ఫైళ్లలోనూ, మీ దగ్గర రిటైరైన ఇంజనీర్ల బుర్రల్లోనూ ఉన్నాయి. వాటిని బయటపెట్టమని, మిగిలిన సామాను ఏదైనా ఉంటే పాత ఇనుము కింద పోనివ్వొద్దని అడగడానికే ఈ ఉత్తరం.

మీ చరిత్ర మీకు నేను చెప్పడం బాగోదు. అయినా దీన్ని మావాళ్లు కూడా చదువుతారు కాబట్టి కొంచెం చెప్పాలి.

సిలోన్‌లో రేడియో చాలా ముందుగా మొదలైంది. టెలిగ్రాఫ్ శాఖలో ఇంజనీరుగా వచ్చిన ఎడ్వర్డ్ హార్పర్ 1920ల మొదట్లోనే ప్రయోగాలు చేశారు. పట్టుబడిన ఒక జర్మన్ జలాంతర్గామి రేడియో సామానుతో తొలి ట్రాన్స్‌మిటర్ కట్టారని మీవాళ్లే గర్వంగా చెప్పుకుంటారు. 1925 డిసెంబర్ 16న కొలంబో రేడియో మొదలైంది. మా ఢిల్లీలో షార్ట్‌వేవ్ మొదలైంది 1937 డిసెంబర్‌లో, 10 కిలోవాట్లతో. ఏకల పవర్‌తో పోల్చుకోవడానికి ఈ పది అంకెను గుర్తుపెట్టుకోవాలి.

ఏకల కథ మాత్రం యుద్ధం కథ. 1944లో మౌంట్‌బాటన్ నడిపిన మిత్రరాజ్యాల ఆగ్నేయాసియా కమాండ్ (ఇంగ్లిషులో పొట్టిగా సీయాక్) ప్రధాన కార్యాలయం క్యాండీకి మారింది. బర్మాలోనూ, ఆ చుట్టుపక్కల అంతా పోరాడుతున్న సైనికులకు పాటలు, వార్తలు వినిపించడానికి ఆ ఏడాది అక్టోబర్‌లో రేడియో సీయాక్ మొదలైంది. అప్పటికి చేతిలో ఉన్నది 7.5 కిలోవాట్ల చిన్న ట్రాన్స్‌మిటర్. అది చాలదని బ్రిటన్ నుంచి 100 కిలోవాట్ల మార్కోనీ ట్రాన్స్‌మిటర్ తెప్పించి ఏకలలో నిలబెట్టారు. అది గాలిలోకి వచ్చేసరికి 1946. యుద్ధం ముగిసిపోయింది! సైన్యం కోసం అంత ఖర్చుపెట్టి తెచ్చిన ట్రాన్స్‌మిటర్, వినాల్సిన సైనికులు ఓడలెక్కి ఇళ్లకు వెళ్తున్న రోజుల్లో పని మొదలుపెట్టింది. 1949లో దాన్ని మీ ప్రభుత్వానికి అప్పగించారు. అప్పటికే స్వతంత్రం వచ్చిన చిన్న దేశానికి, తన అవసరానికి మించిన పెద్ద గొంతు ఒకటి అలా చేతికొచ్చింది.

దాన్ని ఏం చేసుకోవాలో మీవాళ్లు త్వరగానే కనిపెట్టారు. కామన్వెల్త్ దేశాల సహాయ పథకమైన కొలంబో ప్రణాళిక కింద ఆస్ట్రేలియా నుంచి వచ్చిన క్లిఫర్డ్ డాడ్ 1950లో వాణిజ్య విభాగం నడిపించడం మొదలుపెట్టారు. 1952లో మా దగ్గర బి.వి. కేస్కర్ సమాచార, ప్రసార శాఖ మంత్రి అయ్యారు. సినిమా పాట మీద ఆయనకున్న చిన్నచూపు వల్ల ఆకాశవాణిలో సినిమా పాటలకు చోటు తగ్గిపోయింది. అదే ఏడాది డిసెంబర్‌లో, బుధవారం రాత్రి ఎనిమిదింటికి, హిందీ సినిమా పాటల కార్యక్రమం బినాకా గీత్‌మాలా మీ దగ్గర మొదలైంది. బొంబాయిలో రికార్డు చేసిన టేపులు విమానంలో కొలంబో చేరేవి, అక్కడి నుంచి పాట తిరిగి బొంబాయికి గాలిలో వచ్చేది. మా ప్రభుత్వానికి తెలివొచ్చి వివిధ భారతి పెట్టేసరికి 1957 అక్టోబర్ అయింది, దాంట్లో ప్రకటనలు మొదలయ్యేసరికి 1967. ఈలోగా ఇండియా కంపెనీల ప్రకటన డబ్బులు మీ ఖజానాకు వెళ్లాయి. ఆ విషయంలో మాకు మీమీద కోపం లేదు, కేస్కర్ గారి మీదే కాస్త ఉంది.

ఇంతవరకూ చాలామందికి తెలిసిన కథే. కానీ ఇది చెప్పేవాళ్లు ఒక ప్రశ్న వదిలేస్తారు. కేస్కర్ వద్దన్నాడు సరే, పొరుగు దేశం పాటలు వేసింది సరే. ఆ పాట అంత దూరం, అంత బలంగా ఎలా వినపడింది? ఆకాశవాణి సొంత షార్ట్‌వేవ్ స్టేషన్ల పక్కన ముల్లు తిప్పుతున్నా సిలోన్ ఎందుకు గట్టిగా పట్టుకునేది? జవాబులో సగం ఏకల భూగోళంలో ఉంది.

మ్యాపు తీసి చూడండి. కొలంబో, విజయవాడ దాదాపు ఒకే రేఖాంశం మీద ఉన్నాయి. ఏకల నుంచి ఉత్తరానికి నిటారుగా గీత గీస్తే కాస్త పక్కగా విజయవాడ తగులుతుంది, దూరం వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు. హైదరాబాద్ దాదాపు 1,150, విశాఖ సుమారు 1,225, ఢిల్లీ 2,400. బొంబాయి ఆ ఉత్తర గీతకు ఎడమగా సుమారు 30 డిగ్రీలు, కలకత్తా కుడిగా ఇంచుమించు అంతే. అంటే ఏకలలో నిలబడి ఉత్తరం వైపు చూస్తే ఇండియాలో చాలా భాగం 60 డిగ్రీల విసనకర్రలో ఇమిడిపోతుంది. ఇండియా లోపల ఏ ఊళ్లో స్టేషన్ పెట్టినా నాలుగు దిక్కులకూ పంచాలి. మీకు ఒక్క దిక్కు చాలు. ఉన్న పవరంతా అటే తోయొచ్చు.

పైగా షార్ట్‌వేవ్ గుణం ఒకటుంది. అది నేలవెంట ఎక్కువ దూరం పాకదు. ఏరియల్ నుంచి వాలుగా పైకి వెళ్లి, రెండు మూడొందల కిలోమీటర్ల ఎత్తున ఉన్న అయనోవరణం తగిలి, వంగి, వందల కిలోమీటర్ల అవతల దిగుతుంది. మధ్యలో ఉన్నవాళ్ల నెత్తిమీదుగా వెళ్లిపోతుంది. అందుకే మీ స్టేషన్‌లో నుంచి కాకినాడకు శుభ్రంగా వినపడిన పాట, మీకు వంద కిలోమీటర్లు కూడా లేని క్యాండీలో అదే బ్యాండు మీద సరిగా వినపడకపోయినా ఆశ్చర్యం లేదు. వెయ్యి, పన్నెండొందల కిలోమీటర్ల దూరం ఒక్క గెంతుకు సరిగ్గా సరిపోయే దూరం. రెండో గెంతు అవసరం లేదు, కాబట్టి నష్టం తక్కువ. ఆంధ్రా, తెలంగాణ ఊళ్లు మీ ఏరియల్‌కి అలా కుదిరిపోయాయి. దీన్ని ఎవరైనా కావాలని ప్లాన్ చేశారని నేను అనను. యుద్ధం కోసం ఎంచుకున్న చోటు పాటకు కలిసొచ్చింది.

పగలు 25 మీటర్లు, పొద్దున్నా సాయంత్రం 41 మీటర్లు అని మావాళ్లకు నోటికి వచ్చేది. ఎందుకలా మారేదో తెలియకపోయినా మార్చడం తెలుసు. మీటర్లంటే తరంగం పొడవు, అది తగ్గితే ఫ్రీక్వెన్సీ పెరుగుతుంది. ఎండ ఉన్నప్పుడు అయనోవరణం కింది పొర తక్కువ ఫ్రీక్వెన్సీలను మింగేస్తుంది, అందుకని పగలు పైకి పోవాలి. పొద్దు వాలాక పై పొర పలచబడి ఎక్కువ ఫ్రీక్వెన్సీలను ఆపలేదు, అందుకని కిందికి దిగాలి. మా ఇళ్లలో ముల్లు అర అంగుళం జరిపితే పని అయిపోయేది. మీ దగ్గర మాత్రం అదొక పెద్ద పని. ఆ కాలపు పెద్ద ట్రాన్స్‌మిటర్లలో బ్యాండు మార్చాలంటే కాయిల్స్ మార్చాలి, ప్రతి దశనూ మళ్లీ ట్యూన్ చేయాలి, ఏరియల్ స్విచ్ తిప్పి వేరే కర్టెన్‌కు, అంటే తెరలా కట్టిన ఏరియల్‌కు, కలపాలి. ముందు హైటెన్షన్ ఆపి, లోపలికి వెళ్లేముందు ఎర్తింగ్ కొక్కెం తగిలించాలి. లోపల వేల వోల్టులు, నీళ్లతో చల్లబరిచే వాల్వులు. ఇదంతా రెండు ప్రోగ్రాముల మధ్య దొరికే కొద్దిపాటి విరామంలో అయిపోవాలి. ఆ విరామంలో మేం గరగర వింటూ అసహనంగా కూర్చునేవాళ్లం.

కర్టెన్ గురించి రెండు మాటలు, ఎందుకంటే స్టేషన్ లేఅవుట్ అంటే నిజానికి అదే. రెండు ఎత్తయిన టవర్ల మధ్య తీగలు కట్టి, వాటికి సగం తరంగదైర్ఘ్యం పొడవున్న డైపోల్‌లు (ఏరియల్ తీగలు) వరసలు వరసలుగా వేలాడదీస్తారు. 25 మీటర్లకు ఒక్కో డైపోల్ 12 మీటర్ల పైన, 41 మీటర్లకు 20 మీటర్ల పైన. 41 మీటర్ల బ్యాండులో నాలుగు వరసల కర్టెన్ కట్టాలంటే పై తీగ దాదాపు 80 మీటర్ల ఎత్తున ఉండాలి. వెనక ఇంకో తీగల తెర కడితే టార్చిలైటు వెనక అద్దంలా పనిచేసి, సగం పవర్ సముద్రంలోకి పోకుండా ముందుకే తోస్తుంది. వరసలు పెరిగేకొద్దీ కిరణం నేలకు దగ్గరగా వాలి దూరం పోతుంది. నిలువు కాలమ్స్ పెరిగేకొద్దీ పక్కలకు సన్నబడుతుంది. ఇండియా అంతటికీ విసనకర్రలా పరవాలంటే కాలమ్స్ తక్కువ ఉండాలి, ఢిల్లీ దాకా పోవాలంటే వరసలు సరిపడా ఉండాలి. ఇలాంటి లెక్క వేసిన మనిషి ఎవరో, వేసిన కాగితం ఏదో, అది మీ దగ్గర ఉండితీరాలి. దాన్ని చూడాలని నాకు చాలా ఆశ.

ట్రాన్స్‌మిటర్ హాల్లోంచి ఈ కర్టెన్ల దాకా స్తంభాల మీద రాగి తీగల ఫీడర్ లైన్లు నడుస్తాయి. ఏకల పరిసరాలు పల్లపు నేల, సముద్రమూ ముత్తురాజవెల చిత్తడీ అంత దూరంలో లేవు. ఉప్పుగాలికి ఇన్సులేటర్ల మీద పొర కడుతుంది, వానాకాలం పిడుగులు సరేసరి. అలాంటి చోట బారెడేసి పింగాణీ ఇన్సులేటర్లను తుడిచి, తెగిన తీగల్ని అతికించి, అంతెత్తు టవర్ ఎక్కి దిగిన రిగ్గర్ల పేర్లు ఏ జ్ఞాపకాల పుస్తకంలో కనపడతాయి? అనౌన్సర్లకు అభిమాన సంఘాలు వచ్చాయి. వీళ్లకు ఒక ఫోటో కూడా రాలేదు.

పవర్ సంగతీ చెప్పుకోవాలి. గాలిలోకి 100 కిలోవాట్లు పంపాలంటే ఆ కాలపు ట్రాన్స్‌మిటర్ లైనులోంచి దానికి దాదాపు రెట్టింపు లాగేది. పాట గట్టిగా ఉన్నప్పుడు మాడ్యులేటర్ (పాటను రేడియో తరంగం మీదకు ఎక్కించే భాగం) ఒక్కటే 50 కిలోవాట్ల దాకా ఆడియో పవర్ తయారుచేయాలి. మరి కొలంబో స్టూడియోలో గ్రామఫోన్ సూది పుట్టించేది ఎంత? వోల్టులో చిన్న వంతు. టెలిఫోన్ లైను మీద ఏకలకు వచ్చిన ఆ బలహీనమైన సిగ్నల్‌ను దశలు దశలుగా పెంచి ఇంత చేసేవారు. ఘంటసాల పాట ఒకటి ఈ దారంతా తిరిగొచ్చి గుంటూరులో ఇంట్లో మోగింది. సినిమా రికార్డింగు మద్రాసులో జరిగింది, అది గుంటూరుకు నాలుగొందల కిలోమీటర్లు కూడా ఉండదు!

తర్వాత ఏకలకు వేరే చుట్టాలూ వచ్చారు. 1951లో అమెరికాతో ఒప్పందం జరిగి, వాళ్ల ప్రభుత్వ రేడియో వాయిస్ ఆఫ్ అమెరికా ప్రసారాలకు చోటిచ్చినందుకు 35 కిలోవాట్ల ట్రాన్స్‌మిటర్లు మీకు సమకూరాయి. జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే కూడా కొన్నేళ్లు ఏకల నుంచి ప్రసారం చేసుకుంది. 1967లో మీరు కార్పొరేషన్ అయ్యారు, 1972లో దేశం పేరుతో పాటు మీ పేరూ మారింది, మావాళ్లు మాత్రం 'సిలోన్' అనడం మానలేదు. బ్రిటిష్ మార్కోనీ, అమెరికా సామాను ఒకే ఆవరణలో ఉన్న స్టేషన్ ఇది. ప్రచ్ఛన్న యుద్ధ కాలంలో ఎవరెవరు ఎవరికి ఏం ఇచ్చి ఎంత టైమ్ పుచ్చుకున్నారో చెప్పే సాక్ష్యం అక్కడి నేమ్‌ప్లేట్ల మీదే ఉంటుంది. కనీసం ఆ నేమ్‌ప్లేట్లనైనా ఊడదీసి భద్రపరచండి.

ఇక నా అభ్యర్థన. ఏకల నుంచి షార్ట్‌వేవ్ మళ్లీ మొదలుపెట్టమని నేను అడగడం లేదు. కరెంటు బిల్లు ఎంతవుతుందో తెలుసు, 2022లో మీ దేశం పడ్డ కష్టం కూడా చూశాం. పెట్రోలు కోసం రోజుల తరబడి లైన్లో నిలబడ్డ జనాన్ని పాత పాటల కోసం ట్రాన్స్‌మిటర్ నడపమనడం అన్యాయం. నేనడిగేది తక్కువ ఖర్చు పని.

మొదట ఒక జాబితా ఇవ్వండి. ఏకలలో ఏ ఏడాది ఏ ట్రాన్స్‌మిటర్ వచ్చింది, ఎవరు తయారుచేశారు, ఎప్పుడు తీసేశారు, ఇప్పుడు ఏది మిగిలింది. దానితో పాటు సైట్ ప్లాన్, అంటే హాలు ఎక్కడ, ఫీడర్ లైన్లు ఎటు, ఏ కర్టెన్ ఎన్ని డిగ్రీలకు, ఎన్ని మీటర్ల ఎత్తుకు. ఇప్పుడు వీటిలో రహస్యమేమీ లేదు. పాత స్టేషన్ లాగ్ పుస్తకాలు చెదలకు వదలకుండా స్కాన్ చేయించండి. ఆ లాగుల్లో ప్రతి అంతరాయం నిమిషాలతో సహా రాసి ఉంటుంది. మావాళ్లు ఏళ్ల తరబడి 'ఆ రోజు పాట మధ్యలో ఆగిపోయింది' అని చెప్పుకునేదానికి కారణం పిడుగో, వాల్వో, లైను పోయిందో అందులో తేలుతుంది.

రెండోది మనుషులు. ఆ హాల్లో షిఫ్టులు చేసిన ఇంజనీర్లు, టెక్నీషియన్లు, రిగ్గర్లు ఇప్పుడు వయసు మళ్లిన వాళ్లు. వాళ్లను కూర్చోబెట్టి మాట్లాడించి రికార్డు చేయడం మీకు కష్టమా? మీది రేడియో సంస్థ, మైకులకు కొదవ లేదు కదా! అమీన్ సయానీ గారు 2024 ఫిబ్రవరిలో పోయినప్పుడు ఆయన ఇంటర్వ్యూలు ఎన్నో ఉన్నాయి కాబట్టి పత్రికలు పేజీలు నింపాయి. ఏకలలో బ్యాండు మార్చిన మనిషి పోతే రాయడానికి ఏమీ ఉండదు.

మూడోది మా స్వార్థం. తెలుగు విభాగం టేపులు, స్క్రిప్టులు, మావాళ్ల ఉత్తరాలు, ప్రోగ్రాం షీట్లు ఏమైనా మిగిలి ఉంటే వాటి వివరాలు ప్రకటించండి. హిందీ విభాగం గురించి చాలామంది రాశారు. తెలుగు విభాగం ఎప్పుడు మొదలైంది, ఎంత సేపు, ఏ ఫ్రీక్వెన్సీ, ఏ ఏరియల్, ఎవరెవరు పనిచేశారు అన్నది మీ కాగితాలు చూస్తే తప్ప తేలదు. మా విశ్వవిద్యాలయాల్లో జర్నలిజం విద్యార్థులు ఎందరో ఉన్నారు, వాళ్లకు ఇంతకంటే మంచి పరిశోధనాంశం నాకు తోచడం లేదు. మీరు తలుపు తీస్తే వస్తారు.

ఇలాంటివి ఆలస్యమైతే ఏమవుతుందో కెనడా శాక్‌విల్‌లో చూశాం. యుద్ధకాలంలోనే కట్టిన పెద్ద షార్ట్‌వేవ్ స్టేషన్ అది. ఏకల లాగే చిత్తడి నేల, దారిన పోయేవాళ్లందరికీ కనపడే టవర్లు. 2012లో ప్రసారం ఆపారు, 2014లో టవర్లు కూల్చారు. స్వీడన్ గ్రిమెటన్ ఇంకో దారి పట్టింది. అది షార్ట్‌వేవ్ కాదు, చాలా పొడవైన తరంగాల టెలిగ్రాఫ్ స్టేషన్, 1924 నాటిది. దాన్ని అలాగే కాపాడి 2004లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కించారు. ఏడాదిలో ఒకటి రెండు ప్రత్యేక రోజుల్లో ఆ పాత యంత్రాన్ని నడిపి మోర్స్‌లో సందేశం పంపుతారు, ప్రపంచమంతా ఉన్న హ్యామ్‌లు (సరదాకి రేడియో నడిపేవాళ్లు) చెవులు రిక్కించి వింటారు. మీకు యునెస్కో దాకా వెళ్లే ఓపిక లేకపోయినా ఒక గది, ఒక ట్రాన్స్‌మిటర్ క్యాబినెట్, ఒక పెద్ద వాల్వు, పది అడుగుల ఫీడర్ లైను, గోడ మీద సైట్ ప్లాన్ పెట్టండి. కటునాయక విమానాశ్రయం అక్కడికి దగ్గరే. శ్రీలంకకు టూరిస్టులుగా వచ్చే తెలుగువాళ్లు క్యాండీకి, నువార ఎలియకు వెళ్లేముందు ఒక గంట అక్కడ ఆగుతారని హామీ ఇవ్వగలను. టికెట్ పెట్టినా కొంటారు.

మా ఆకాశవాణి ఈ విషయంలో మీకంటే ఏమంత మెరుగు కాదు. షార్ట్‌వేవ్ స్టేషన్లు ఇక్కడా ఒక్కొక్కటే మూగబోయాయి. వాళ్లకు రాయాల్సిన ఉత్తరం వాళ్లకు వేరేగా రాస్తాను. కానీ ముందు మీకు రాయడానికి కారణం, ఆకాశవాణి మా ప్రభుత్వ సంస్థ, మా పన్నులతో నడిచింది, మాకు వినిపించడం దాని విధి. మీకు ఆ విధి లేదు. వ్యాపారం కోసమే అయినా, ఒక పరాయి భాషకు మనిషిని పెట్టి, టైమ్ ఇచ్చి, అంత కరెంటు ఖర్చుపెట్టి వినిపించారు.

కాబట్టి ఇంజనీరింగ్ విభాగంలో ఎవరో ఒకరికి ఈ పని అప్పగించి, వాళ్ల పేరు, చిరునామా ప్రకటించండి. సింహళంలో, తమిళంలో ఉన్న కాగితాలను తెలుగు చేయడానికి, తెలుగు ఉత్తరాలను చదివి మీకు చెప్పడానికి హైదరాబాద్, విజయవాడ, చెన్నైలలో డబ్బు అడగకుండా పనిచేసేవాళ్లు దొరుకుతారు. నేనూ అందులో ఒకణ్ని. మీ స్కానర్ ఖాళీగా లేకపోతే చెప్పండి, దానికి కూడా చందాలు వేసుకుంటాం.

ఇట్లు,
25 మీటర్ల బ్యాండు మీ పాత శ్రోత